బారోమీటర్ గొంతు

మినసోటాలో పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న డులూత్‌లో మార్లిస్ హాపలా ఇంటికి రెండు ఫోన్ లైన్లు ఉండేవి. ఒకటి వంటింట్లో, మనుషులు మాట్లాడుకోవడానికి. రెండోది కింది గదిలో, బట్టలుతికే మిషను పక్కన. దాని మీద ఎవరూ మాట్లాడరు. అది మోగితే, కంప్యూటరుని ఫోన్ తీగకి కలిపే మోడెం అనే పెట్టె ఎత్తుతుంది, కీచుమని అరుస్తుంది. అవతలి మోడెం కూడా తిరిగి అరుస్తుంది. రెండు అరుపులూ కుదిరితే గోల ఆగిపోయి, తెర మీద అక్షరాలు రావడం మొదలవుతుంది.

"అచ్చం మా అమ్మా నువ్వూ పలకరించుకున్నట్టే ఉంది" అనేవాడు ఆమె మొగుడు డ్యూయేన్. అతను ఓడలకి ఇనుపరాయి ఎత్తే రేవులో పని చేసేవాడు. పెళ్లాం సరదాకి నెలనెలా రెండో ఫోన్ ఖర్చేమిటని మొదట్లో సణిగి, తర్వాత తనే ఆ గదిలో కుర్చీకి దిండు కుట్టించి తెచ్చాడు. అంతకంటే ఒప్పుకోవడం అతనికి చేతకాదు.

ఫోన్ మీద కంప్యూటరు కలుపుకుని ఎవరైనా వచ్చి నాలుగు ముక్కలు రాసిపోయే గోడలాంటిదాన్ని అప్పట్లో బోర్డు అనేవాళ్లు. ఆమె బోర్డు పేరు హాట్‌డిష్. మినసోటా వాళ్లకి హాట్‌డిష్ అంటే ఇంట్లో ఉన్నదంతా ఒకే గిన్నెలో వేసి, పైన బంగాళాదుంప ముక్కలు పరిచి కాల్చే వంట. మార్లిస్ బోర్డూ అలాంటిదే. వలలు అల్లేవాళ్లు, కంప్యూటరు కొని ఎటు నుంచి ముట్టుకోవాలో తెలియనివాళ్లు, మొగుడు ఓడ మీద వెళితే ఊసుపోనివాళ్లు, అందరూ అందులోనే. ఉన్నది ఒకే లైను కాబట్టి ఒకసారికి ఒక్కరే రావాలి. వచ్చి, ముందువాళ్లు రాసిపోయినవి చదువుకుని, జవాబులు రాసి పోవాలి. వాళ్లు వెళ్లాక ఇంకొకరు. మనిషికి రోజుకి నలభై నిమిషాలు. ఒకరుండగా ఇంకొకరు ఫోన్ చేస్తే ఎంగేజ్ వస్తుంది. ఒక్కోసారి సోమవారం అడిగిన ప్రశ్నకి గురువారం జవాబు వచ్చేది. అయినా అందరూ ఒకే గదిలో కూర్చుని కబుర్లాడుకుంటున్నట్టే అనుకునేవాళ్లు. ఎదురెదురుగా కూర్చుని కూడా పలకరించుకోని కాపురాలు చూసినవాళ్లకి ఇందులో వింతేం కనిపించదు.

ఇక్కడ బయటివాళ్లకి తెలియని సంగతి ఒకటుంది. వచ్చినవాళ్లు కొట్టే ప్రతి అక్షరం అప్పటికప్పుడే మార్లిస్ తెర మీద కూడా పడేది. పంపాక కాదు, కొడుతుండగానే. తప్పు రాసి దిద్దుకోవడం, రాసింది నచ్చక వెనక్కి కొట్టుకుంటూ చెరిపెయ్యడం, అన్నీ కనిపించేవి. బడి వంటశాలలో పని ముగించుకుని రెండున్నరకి ఇల్లు చేరి, తువ్వాళ్లు మడత పెట్టుకుంటూ ఆమె ఆ తెర చూస్తుండేది. జనం చెప్పేదానికన్నా చెరిపేదే ఎక్కువని ఆమెకి మొదటి నెలలోనే అర్థమైంది.

ఆ మొదటి నెలలోనే ఒక తప్పు కూడా చేసింది. ఒకాయన భార్య పోయిన సంగతి నాలుగు వాక్యాలు రాసి, చెరిపి, పడవ ఇంజను గురించి అడిగాడు. ఈమె ఆపుకోలేక మధ్యలో దూరి, "చెరిపారెందుకు? బాగా రాశారు" అంది. ఆయన లైను తెగింది. మళ్లీ ఎన్నడూ రాలేదు. ఆ రోజే మార్లిస్ ఒట్టు పెట్టుకుంది. చెరిపింది చూసినా చూడనట్టే ఉండాలి. తలుపు సందులోంచి కనిపించినదాని గురించి మర్యాదస్థులు మాట్లాడరు.

బోర్డు మొత్తానికి అందరికీ కావలసినవాడు బారోమీటర్. అక్కడ సొంత పేరు ఎవరూ పెట్టుకోరు గనక అతని అసలు పేరు ఎవరికీ తెలియదు. రోజూ మధ్యాహ్నం మూడుంపావుకి వచ్చేవాడు. ముందు సరస్సు మీద గాలి ఎలా ఉందో, మంచు ఎక్కడెక్కడ విడిందో రాసేవాడు. తర్వాత కొత్తవాళ్ల ప్రశ్నలకి జవాబులు. ఎంత మొద్దు ప్రశ్నయినా విసుగులేదు. డెబ్భై రెండేళ్ల వెర్నా లుండ్‌క్విస్ట్, పియానో టీచరుగా ఊళ్లో సగంమంది వేళ్ల మీద కొట్టిన మనిషి, పికిల్ అనే పేరుతో బోర్డులో చేరింది. ఆవిడకి ఫ్లాపీని ఎటు తిప్పి పెట్టాలో దగ్గర్నుంచి ప్రింటరు నడపడం దాకా నేర్పింది బారోమీటరే. ఒకే సంగతి పదకొండుసార్లు చెప్పాడు, పదకొండో సారి కూడా "మంచి ప్రశ్న అడిగారు" అనే మొదలుపెట్టాడు.

అలా రెండేళ్లు సాఫీగా గడిచింది. ఎనభై అయిదు ఫిబ్రవరిలో చీడ పట్టింది.

ఎవడో పని లేనివాడు నాలుగు దొంగ పేర్లతో దూరి, ఒకరినొకరు తిట్టుకుంటున్నట్టు బూతులు రాశాడు. వెర్నా గారి గురించి రాయకూడని రాతలు రాశాడు. మార్లిస్ వాటిని చెరిపేది, వాడు మళ్లీ రాసేవాడు. అది చాలక వంటింటి ఫోన్‌కి రెండుసార్లు ఎవరో చేసి, మాట్లాడకుండా ఊపిరి వినిపించి పెట్టేశారు. డ్యూయేన్ రెండోసారి తనే ఎత్తి, రేవు భాషలో నాలుగు తగిలించాడు గానీ అప్పటికే అవతల ఎవరూ లేరు.

"వీళ్లంతా ఎవరో నీకు తెలుసా అసలు?" అన్నాడు పెళ్లాంతో. "మొహం తెలీదు, పేరు తెలీదు. మనింట్లోకి రానిస్తున్నావు."

దాంతో మార్లిస్ రూలు పెట్టింది. అప్పటికే పెద్ద ఊళ్ల బోర్డులన్నింట్లో ఉన్న రూలే. ప్రతివాళ్లూ సొంత ఫోన్ నంబరు ఇవ్వాలి. తను స్వయంగా చేస్తుంది. మనిషి ఎత్తి రెండు ముక్కలు మాట్లాడితే చాలు. పేర్ల జాబితాలో కొత్తగా ఒక గడి కలిపింది: గొంతు విన్నారా? అవును, కాదు. పది రోజుల్లో అవును పడకపోతే పేరు తీసేస్తారు, రాసినవి కూడా పోతాయి.

దొంగ పేర్లవాడు ఆ రూలు చదివి ఆ రోజే జారుకున్నాడు. మిగతావాళ్లంతా సంతోషంగా నంబర్లు ఇచ్చారు. వెర్నా గారైతే ఎత్తిన ఫోన్ అరగంట పెట్టలేదు. "నా గొంతు విన్నావా అమ్మాయ్? చాలా? పాట కూడా పాడనా?" అంది. రెండు ముక్కలు చాలని చెప్పినా పాడింది.

బారోమీటర్ కూడా నంబరిచ్చాడు. అడగంగానే ఇచ్చాడు. మార్లిస్ ఆదివారం నాలుగింటికి చేసింది. మూడు రింగులు మోగాయి. ఎత్తారు. చెవిలో మోడెం కీచుమంది.

ఆమె ఉలిక్కిపడి పెట్టేసింది. మనిషిని పిలిస్తే మోడెం పలకడమేమిటి? దొంగచాటుగా ఇంకో బోర్డు నడిపేవాళ్లూ, పరుల కంప్యూటర్లలోకి దూరేవాళ్లూ అలా పెట్టుకుంటారని పెద్ద ఊళ్ల బోర్డుల్లో ఆమె చదివింది. అయినా బారోమీటర్ కదా అని, మర్నాడు అతను రాగానే ఒక ఉత్తరం కనిపించేలా పెట్టింది. "బుధవారం నాలుగింటికి మళ్లీ చేస్తాను. దయచేసి మీరే ఎత్తండి."

అతను చదివాడు. జవాబు కొట్టడం మొదలెట్టాడు. మార్లిస్ చేతిలో తువ్వాలు అలాగే ఉంది.

"నేను ఎత్తలేను" అని పడింది. ఆగింది. ఒక్కో అక్షరం వెనక్కి పోయింది. "నన్ను నమ్మండి" అని పడింది. అదీ పోయింది. చాలాసేపు ఖాళీ. చివరికి "సరే. బుధవారం" అని వచ్చింది. ఆ రోజు గాలి సంగతి రాయకుండానే వెళ్లిపోయాడు.

ఎందుకు ఎత్తలేరు అని ఒక్క ముక్క అడిగి ఉంటే ఈ కథ లేదు. కానీ ఒట్టు అడ్డొచ్చింది. చెరిపింది చూడలేదు గదా, చూడనిదాన్ని ఎలా అడుగుతుంది? మర్యాద అనేది మంచి వస్తువే గానీ, దాన్ని పట్టుకుని వేలాడితే ఒక్కోసారి మనిషే జారిపోతాడు.

బుధవారం నాలుగింటికి చేసింది. రెండో రింగుకే ఎత్తారు. ఈసారి మోడెం కాదు.

"హలో? బారోమీటర్? నేను, మార్లిస్‌ని."

అవతల ఊపిరి. బరువుగా, తడిగా, ఈలలాంటి ఊపిరి. ఒకసారి ఆగి, మళ్లీ ఇంకా గట్టిగా.  మార్లిస్‌కి మొన్న ఈ ఫోనులోనే విన్న ఊపిరి గుర్తొచ్చింది. "సిగ్గులేదూ!" అని అరిచి, రిసీవరు విసిరికొట్టింది. వంటింటి స్టూలు మీద కూర్చుంది. రెండేళ్లు రోజూ ఎదురుచూసిన మనిషి ఇంతటివాడా అని ఆమెకి భయం కన్నా బాధ ఎక్కువైంది.

ఆ సాయంత్రమే కిందికి వెళ్లి బారోమీటర్ పేరు తీసేసింది. ఏడు వందల పద్నాలుగు ఉత్తరాలు. తీసెయ్యనా అని కంప్యూటరు ఒకసారి అడిగింది. అవునంది. ఫ్లాపీ కాసేపు గరగరమని ఊరుకుంది.

మర్నాడు మూడుంపావుకి ఫోన్ మోగింది. బారోమీటర్ అని పేరు కొట్టాడు. అలాంటి పేరు లేదని బోర్డు చెప్పింది. మళ్లీ కొట్టాడు. లేదంది. మూడోసారి మెల్లగా, ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాడు. తప్పు తన వేళ్లదేనేమో అనుకున్నట్టు. లేదంది. కొత్తగా చేరేవాళ్లు తమ గురించి ఇక్కడ రాయండి అని ఒక గడి చూపించింది. ఆ గడిలో పదకొండు నిమిషాలు ఒక్క అక్షరం పడలేదు. తర్వాత లైను పెట్టేశాడు.

మార్లిస్ ఆ పదకొండు నిమిషాలూ చూస్తూనే ఉంది. మిషనులో బట్టలు తిరగడం ఆగిపోయిన సంగతి కూడా గమనించలేదు.

శనివారం వెర్నా గారు తలుపు తట్టలేదు, తోసుకునే వచ్చింది. మంచు బూట్లు విప్పలేదు. చంకలో లావుపాటి కాగితాల మడత.

"నా బారోమీటర్ని ఏం చేశావు అమ్మాయ్?"

"లోపలికి రండి టీచర్. కాఫీ పెడతాను."

"కాఫీ సంగతి తర్వాత. ఆయన పేరు లేదు, రాతల్లేవు. తుడిచిపెట్టేశావు. నీకు పదేళ్లప్పుడు కూడా అంతే, ఒక స్వరం తప్పితే పాటంతా వదిలేసేదానివి!"

మార్లిస్ జరిగింది చెప్పింది. మోడెం అరుపు, బుధవారం ఊపిరి.  వెర్నా గారు విని, కుర్చీలో కూర్చుని, తల అడ్డంగా తిప్పింది.

"నేను నమ్మను. నలభై ఏళ్లు పిల్లలకి పాఠం చెప్పాను. ఓపిక నటించలేం. రెండు రోజులు నటిస్తాం, మూడో రోజు స్కేలు తీస్తాం. ఇదిగో, చూడు."

కాగితాలు బల్ల మీద పరిచింది. ప్రింటరు నేర్చుకున్న సంబరంలో ఆవిడ బారోమీటర్ రాసిన ప్రతి ముక్కా అచ్చు తీసి పెట్టుకుంది. అంచుల్లో చిల్లులతో, ఒకదానికొకటి అంటుకుని, బల్ల అంచు దాటి నేల మీదికి జారాయి.

మార్లిస్ మొహమాటానికి ఒకటి అందుకుంది. డిసెంబరు నాటిది. పైకి చదివింది. "సిల్వర్ బే దగ్గర మంచు గట్టిపడింది. టూ హార్బర్స్, అంచులు మాత్రమే. నైఫ్ రివర్, ఇంకా నీళ్లే. ఫ్రెంచ్ రివర్, నీళ్లే. హెర్మన్‌టౌన్, కొండ మీద ఆరంగుళాలు. లెస్టర్ వాగు..."

చదువుతూ చదువుతూ ఆగిపోయింది. ఇన్నాళ్లూ తెర మీద చూడటమే గానీ, అతని రాత పైకి చదవడం ఆమెకి ఇదే మొదటిసారి.

"ఏమైంది?" అంది వెర్నా గారు.

"హెర్మన్‌టౌన్ ఇక్కడెందుకొచ్చింది టీచర్?"

వరసంతా సరస్సు ఒడ్డు వెంట కిందికి దిగుతోంది. హెర్మన్‌టౌన్ ఒడ్డున లేదు. ఎక్కడో కొండ మీద, దారి తప్పినట్టు. దాన్ని ఫ్రెంచ్ రివర్‌కీ లెస్టర్ వాగుకీ మధ్య చెప్పే మనిషి ఈ ప్రపంచంలో ఒక్కడే. ఆ సంగతి మార్లిస్‌కి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఎందుకంటే లెస్టర్ వాగు బడి ఆమెది. పంతొమ్మిదేళ్లు, మంచు పడిన ప్రతి పొద్దునా నాలుగున్నరకి లేచి, రేడియో పక్కన కోటు తొడుక్కుని నిలబడి, ఏ బడి తెరుస్తారు, ఏ బడి మూస్తారు అని ఆ గొంతు కోసం కాచుకునేది. మిగతా స్టేషన్లవాళ్లు అక్షర క్రమంలో చదివేవాళ్లు. ఆర్విడ్ టోలెఫ్సన్ మాత్రం తుఫాను వచ్చే దారిలో చదివేవాడు. పైనుంచి కిందికి, ఒడ్డు వెంట. హెర్మన్‌టౌన్ అనగానే ఆమె ఊపిరి బిగపట్టేది, ఎందుకంటే తర్వాతది తనదే. అంతా అయ్యాక, "జావ చల్లారకముందే తినండి" అని ముగించేవాడు. పెద్ద గంటలాంటి గొంతు. రెండేళ్ల కిందట ఉన్నట్టుండి మానేశాడు. విశ్రాంతి తీసుకున్నాడని రేడియోలో చెప్పారు. తర్వాత వచ్చిన కుర్రాడు అక్షర క్రమం మొదలెట్టాడు, మార్లిస్ అతన్ని రోజూ తిట్టుకునేది.

"డ్యూయేన్!" అని కేకేసింది. మొగుడు పక్క గదిలోంచి వచ్చాడు. "రేడియో టోలెఫ్సన్ ఎందుకు మానేశాడు?"

"నీకు తెలీదా? గొంతులో రాచపుండు. పెద్దాస్పత్రికి తీసుకెళ్లి గొంతు మొత్తం తీసేశారట. మా రేవులో ఆయన బావమరిది చెప్పాడు. మెడకి చిల్లు పెట్టారు, ఊపిరి దాంట్లోంచే. మనిషి ఇల్లు కదలడట. అంత గొంతున్నవాడు ఇక అలా..." అని ఆగాడు. పెళ్లాం మొహం చూశాడు. "ఏం జరిగింది?"

 మెడలో చిల్లు. ఈలలాంటి ఊపిరి. ఒకసారి ఆగి, మళ్లీ గట్టిగా. ఆ మనిషి మాట్లాడబోయాడు. తనేమో సిగ్గులేదూ అంది.

వెర్నా గారు కాగితాలు మడిచే పనిలో పడింది.  "చెప్పుకుంటే ఏం పోయింది ఆయనకి? మనమేం కొరుక్కుతింటామా?" అంది కోపంగా. కాసేపటికి తనే, "చెప్పుకోడు. ఊరంతటికీ తెలిసిన గొంతు గదా. తెలిస్తే అందరూ అయ్యో అంటారు. అక్కడొక్కచోటే ఆయన్ని అయ్యో అననిది" అంది. ముక్కు చీదుకుని, "ఇప్పుడేం చేస్తావు?" అని నిలదీసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అంటారు. ఆకులైనా పట్టుకోకపోతే ఇంకా కాలుతుందని మార్లిస్‌కి అనిపించింది. కిందికి దిగి బోర్డు ఆపేసింది. మెట్ల కింద క్రిస్మస్ దీపాల పెట్టె అడుగునుంచి పాత మోడెం బయటికి లాగింది. బోర్డు మొదలెట్టినప్పటిది. దాని మీద రెండు నల్లటి రబ్బరు దొప్పలుంటాయి. ఫోన్ రిసీవరు తీసి వాటిలో బోర్లా పెడితే, ఒక దొప్ప వింటుంది, ఒకటి మాట్లాడుతుంది. డ్యూయేన్ పాత నల్ల ఫోన్ వెతికి తెచ్చి బోర్డు లైనుకి తగిలించాడు.

"కొత్త మోడెంతోనే చెయ్యొచ్చుగా? అదే డయల్ చేస్తుంది కదా" అన్నాడు.

"లేదు. ముందు నా చెవితో వినాలి. రూలు అదే."

డయల్ తిప్పింది. మూడు రింగులు. ఎత్తారు. కీచుమని అరుపు. పోయిన ఆదివారం ఇదే అరుపుకి జడిసి పెట్టేసింది. ఇవాళ రిసీవరు చెవికి ఇంకా నొక్కుకుని, కళ్లు మూసుకుని వింది. ఫోన్ మోగితే ఆ ఇంట్లో ఎత్తి పలకగలిగింది అదొక్కటే. ఇన్నాళ్లూ అతను పలుకుతూనే ఉన్నాడు. ఆమె రిసీవరు తీసుకెళ్లి రెండు దొప్పల్లో మెల్లగా పెట్టింది. పాత మోడెం తిరిగి అరిచింది. గోల ఆగింది. తెర మీద అక్షరం పడాల్సిన చోట గుర్తు మిణుకుమంది.

"ఎవరు" అని పడింది.

"మార్లిస్. హాట్‌డిష్ బోర్డు" అని కొట్టింది.

 తర్వాత, "పేరు తీసేశారుగా. ఇంకేం పని"

"తప్పు చేశాను. క్షమించండి, మిస్టర్ టోలెఫ్సన్."

 "జాలిపడటానికి ఫోన్ చేస్తే" అని పడింది. ఒక్కో అక్షరమే వెనక్కి పోవడం మొదలైంది.

మార్లిస్ రెండేళ్ల ఒట్టు తీసి గట్టున పెట్టింది. "చెరపకండి. చూశాను. నాకు అన్నీ కనిపిస్తాయి. మీరు కొట్టేటప్పుడే కనిపిస్తాయి. చూడనట్టు ఉండటమే మర్యాద అనుకున్నాను."

"అన్నీనా"

"అన్నీ. ఎత్తలేను అన్నది కూడా. చూసి కూడా ఎందుకని అడగలేదు. బుద్ధిలేనిదాన్ని."

ఈసారి అతను చాలాసేపు కొట్టాడు. తప్పులు పడ్డాయి, దిద్దుకోలేదు. ఒక్క అక్షరం కూడా చెరపలేదు.

"బుధవారం మీరు చేస్తారని సోమవారం నుంచి సాధన చేశాను. అద్దం ముందు. వేలితో చిల్లు మూసుకుని. హలో అందామని. ఒక్క హలో. ఇంట్లో రెండుసార్లు వచ్చినట్టే అనిపించింది. మీరు ఫోన్ చేసేసరికి రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాను. అప్పటికి మీరు పెట్టేశారు."

మార్లిస్ తువ్వాళ్ల బుట్టలోంచి ఒకటి తీసి మొహం అదుముకుంది. వెనక మెట్ల మీద వెర్నా గారు, డ్యూయేన్ ఒకరినొకరు తోసుకుంటూ నిలబడ్డారు. ఆమె తిరిగి చూసి, చేత్తో పైకి పొమ్మంది. ఇద్దరూ కదల్లేదు. ఏం రాయాలి? ఎంత రాసినా జాలే అవుతుంది. అతనికి అక్కర్లేనిది అదే. ఆమె కిటికీలోంచి చూసింది. ఈశాన్యం నుంచి గాలి, ఆకాశం బూడిద రంగు.

"జాలిపడే తీరిక నాకు లేదు" అని కొట్టింది. "లెస్టర్ వాగు బడిలో వంట నాది. పంతొమ్మిదేళ్లు మీరు చెబితేనే లేచాను, మీరు చెబితేనే మళ్లీ పడుకున్నాను. ఆ కొత్త కుర్రాడు అక్షర క్రమంలో చదువుతున్నాడు, మా బడి వచ్చేసరికి నా కాఫీ చల్లారుతోంది. సోమవారం నేను లేవాలా, వద్దా?"

గుర్తు మిణుకుతూ ఉండిపోయింది. పెట్టేశాడేమో అనుకుంది. అప్పుడు మొదలైంది.

"మూసేది తెరిచేది చెప్పే అధికారం ఇప్పుడు నాది కాదు. గాలిని బట్టి నా అంచనా మాత్రమే.

సిల్వర్ బే, మూస్తారు.

టూ హార్బర్స్, మూస్తారు.

నైఫ్ రివర్, మూస్తారు.

ఫ్రెంచ్ రివర్, రెండు గంటలు ఆలస్యం.

హెర్మన్‌టౌన్, కొండ మీద పది అంగుళాలు, మూస్తారు."

మార్లిస్ ఊపిరి బిగపట్టింది. తెలియకుండానే, పాత అలవాటు.

"లెస్టర్ వాగు, మూస్తారు. వంటావిడ పడుకోవచ్చు."

వెనకనుంచి డ్యూయేన్, "ఏమంటున్నాడు? సెలవేనా?" అన్నాడు.

"సెలవే!" అంది ఆమె, ఏడుస్తూ నవ్వుతూ. వెర్నా గారు గట్టిగా, "ఆయనతో చెప్పు, రాతలన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయని! రోజుకి నలభై నిమిషాలు కూర్చుని మొత్తం మళ్లీ కొడతాను. తప్పులు పడితే ఆయనదే పూచీ, నేర్పింది ఆయనే" అంది.

మార్లిస్ అదంతా ఉన్నదున్నట్టు కొట్టింది. పికిల్‌కి తన సంగతి తెలిసిపోయిందని అతనికి అర్థమయ్యే ఉంటుంది. "పికిల్ గారికి ఒకటి చెప్పండి" అని వచ్చింది. "మంచి ఆలోచన. ముందు ఫ్లాపీ సరిగా తిప్పి పెట్టమనండి."

"పన్నెండోసారి!" అని మెట్ల మీద నుంచి ఆవిడ మురిసిపోయింది.

"మూడుంపావుకి నా లైను మీ కోసం ఖాళీగా ఉంటుంది. పేరు తిరిగి ఇప్పుడే పెడుతున్నాను" అని కొట్టింది మార్లిస్.

"రూలు ఉందిగా. గొంతు వినాలిగా"

ఆమె రబ్బరు దొప్పల్లో బోర్లా పడుకున్న రిసీవరు వైపు చూసింది. "విన్నాను" అని కొట్టింది.

అటునుంచి ఇంకో వాక్యం వచ్చింది. "అయితే జావ చల్లారకముందే తినండి."

లైను పెట్టేశాడు. మార్లిస్ బోర్డు మళ్లీ నడిపించి, పేర్ల జాబితా తెరిచి, బారోమీటర్ అని కొట్టింది. గడులు ఒక్కొక్కటే నింపుకుంటూ చివరిదాకా వచ్చింది. గొంతు విన్నారా అని అడిగింది కంప్యూటరు. అవునని కొట్టి, తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, మిషనులోంచి తడి బట్టలు తీయడానికి లేచింది.